అక్షరాల పత్తాలు: ఇంట్లో చేసుకునే తీరు, ఆడించే తీరు

పత్తాలు (పేకముక్కలు) అనగానే ఇంట్లో పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు. ఇందులో పైసలు లేవు, రాజా రాణీ లేరు. ఆరు అక్షరాలకు 24 పత్తాలు, ఇద్దరి నుంచి నలుగురు పిల్లలు, కింద పరిచే దుప్పటి, ఒక పావుగంట ఉంటే చాలు. అక్షరాలు అప్పుడప్పుడే గుర్తుపడుతున్న ఐదేళ్ల పిల్లల నుంచి గుణింతం దగ్గర తడబడే రెండో తరగతి పిల్లల దాకా పనికొస్తుంది.

ఆట ఒక్క ముక్కలో చెప్పాలంటే, అక్షరం ఉన్న పత్తా, ఆ అక్షరంతో మొదలయ్యే బొమ్మ ఉన్న పత్తా కలిస్తే జత. చేతిలో లేనిదాన్ని పక్కవాళ్లను అడిగి తెచ్చుకోవాలి. అడగాలంటే అక్షరాన్ని నోటితో పలకాలి. పిల్లలు నేర్చుకునేది ఆ అడిగే దగ్గరే.

2018లో వచ్చిన చట్టంతో తెలంగాణలో ఏ బోర్డు బడైనా తెలుగు చెప్పాల్సిందే. కానీ హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లలకు ఏబీసీడీలు నోట్లో ఆడినంత తేలికగా అ ఆలు ఆడవు. వీళ్లకు దుకాణంలో దొరికే కార్డులు కొనిస్తే సగం పనే అవుతుంది. కారణం ఆ కార్డుల మీది మాటలు. అందుకే కత్తెర పట్టుకునే ముందు మాటల పని చూద్దాం.

ముందు మాటలు ఏరుకోవాలి

మొదటి సూత్రం: బొమ్మ పేరు ఒట్టి అక్షరంతోనే మొదలవ్వాలి. "మ"కు మేక, "క"కు కాకి, "చ"కు చెప్పు పెడితే పిల్లలు చూసే అక్షరం ఒకటి, పలికే శబ్దం ఇంకొకటి అవుతుంది. మేకలో మొదట వినపడేది "మే". చెవికి తగిలింది చెప్పే పిల్లవాడు తప్పు చెప్పినట్టు, బట్టీ కొట్టినవాడు ఒప్పు చెప్పినట్టు తేలుతుంది. కాబట్టి మ అంటే మబ్బు, క అంటే కప్ప, చ అంటే చక్రం. సున్నతో మొదలయ్యే వంకాయ, మంచం, గంప లాంటివి కూడా మొదటి విడతలో వద్దు. "వం" అని పలికిన నోటికి "వ" వేరు చేసి చూపడం ఆ వయసులో కష్టం.

రెండో సూత్రం ఇంకా ముఖ్యం. బొమ్మను చూడగానే పిల్లల నోట్లోంచి ఏ మాట వస్తుందో, పత్తా ఆ మాట అక్షరానికి చెందాలి. పుస్తకంలో మాట ఏదైనా సరే. ఉయ్యాల బొమ్మ సంగతే చూడండి. చాలా పుస్తకాల్లో ఊయల అని "ఊ" కింద వేస్తారు. బతుకమ్మ పాటల్లో ఉయ్యాలో ఉయ్యాలో అని వింటూ పెరిగిన పిల్లలు దాన్ని ఉయ్యాల అనే అంటారు. అంటే ఆ బొమ్మ మన ఇంట్లో "ఉ"కు పోవాలి. తలుపు బొమ్మ వేసి "త" అనుకుంటే, దర్వాజ అని "ద" పత్తా పక్కన పెడతారు. టపాకాయ వేస్తే పటాకులు అని "ప" వెతుకుతారు. గేదె అంటే తెలియని పిల్లలకు బర్రె తెలుసు. ఇవేవీ తప్పులు కావు, సర్దుకోవాల్సింది మనమే. ఒక లెక్కన మన వైపు మాటలు ఈ ఆటకు వరం. నల్లా, దస్తీ, అంగి, ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, సకినాలు అన్నీ రోజూ వినే మాటలు, బొమ్మ గీయడమూ తేలికే.

మొదటి విడతకు ఈ ఆరు అక్షరాలు తీసుకోండి. ఒకదానితో ఒకటి కలిసిపోయేవి కావు.

బ: బర్రె, బతుకమ్మ
న: నల్లా, నక్క
ల: లడ్డు, లవంగం
గ: గద్ద, గడియారం
ఉ: ఉల్లిగడ్డ, ఉయ్యాల
ఆ: ఆవు, ఆకు

ఆలుగడ్డ ఇందులో లేకపోవడానికి కారణం ఉంది. లడ్డు, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ మూడూ చేత్తో గీస్తే గుండ్రటి ముద్దలే. ఏది ఏదో గీసినవాళ్లకు తప్ప ఇంకొకరికి తెలియదు. లడ్డు మీద బూంది చుక్కలు, ఉల్లిగడ్డకు పైన తోక, కింద వేళ్లు వేస్తే ఆ రెండూ తేలిపోతాయి. బర్రె, ఆవుల మధ్య కూడా ఇదే చిక్కు. బర్రెను నల్లగా దిద్ది కొమ్ములు వెనక్కి వంచండి, ఆవు పక్కన లేగదూడను నిలబెట్టండి. గీయడం రాకపోతే సూపర్ మార్కెట్ కరపత్రాలు, పాత క్యాలెండర్లు, సరుకుల పొట్లాల మీది బొమ్మలు కత్తిరించి అంటించవచ్చు. చాలాసార్లు అవే మేలు.

బొమ్మ కింద మాట రాయకండి. రాస్తే పిల్లలు బొమ్మ పేరు తలచుకోవడం మాని, అక్షరం ఆకారాన్ని కింద రాసినదానితో సరిపోల్చి జత పెట్టేస్తారు. మాటల పట్టీ పెద్దవాళ్ల దగ్గర విడిగా ఉంటే చాలు.

పత్తాలు చేయడం

కావలసినవి: తెల్ల చార్ట్ ఒకటి, వెనక వైపుకు ముదురు రంగు చార్ట్ ఒకటి, ఫెవికాల్, పర్మనెంట్ మార్కర్, రంగు పెన్సిళ్లు, రెండు అంగుళాల పారదర్శక టేపు, స్టీలు స్కేలు, కత్తెర.

ఒక్క చార్టుతో చేయాలని చూడకండి. ఒంటిపొర పత్తాకు రెండు జబ్బులు. మార్కర్ సిరా వెనక్కి దిగి, బోర్లా పెట్టినా అక్షరం కనపడుతుంది. ఫ్యాను వేస్తే ఎగిరిపోతుంది, మన ఎండల్లో ఫ్యాను ఆపి ఆడించలేం. సిరా దిగుతోందని స్కెచ్ పెన్నుకు మారితే చెమట చేతులకు అలుక్కుపోతుంది.

చార్టులు చుట్టచుట్టి ఇస్తారు కాబట్టి ముందు వాటిని తిరగేసి చుట్టి కాసేపు ఉంచితే వంపు పోతుంది. ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి, రంగు చార్ట్ మీద పలుచగా పూసి, తెల్ల చార్ట్ అంటించండి. మధ్య నుంచి అంచులకు గుడ్డతో తోస్తే గాలి బుడగలు నిలవవు. పరుపు కిందో, బరువైన పుస్తకాల కిందో ఒక రాత్రి పెట్టండి. జిగురు మందంగా పడినచోట ఆరాక పత్తా దోనెలాగా వంగుతుంది, అది మళ్లీ సాపు కాదు. మైదా జిగురు వాడితే అట్ట బాగానే అంటుతుంది గానీ బొద్దింకలు అంచులు కొరుకుతాయి.

అంటించిన తర్వాతే కత్తిరించాలి. ముందే కత్తిరించి ఒక్కొక్కటి అంటిస్తే అంచులు కలవవు. పత్తా కొలత 6 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల పొడవు. మామూలు చార్ట్ 56, 71 సెంటీమీటర్లు ఉంటుంది. 71 వైపు ఆరేసి సెంటీమీటర్లకు 11 గీతలు, 56 వైపు తొమ్మిదేసికి 6 గీతలు గీస్తే 66 పత్తాలు వస్తాయి. రెండు విడతలకు కలిపి 48 చాలు, మిగిలిన 18 దాచిపెట్టండి. మంచం కింద పోయేవి, నమిలినవి, చాయ్ పడ్డవి తప్పకుండా ఉంటాయి. రూపాయి బిళ్లను మూలన పెట్టి గీసి మూలలు గుండ్రంగా కత్తిరించండి. మూల ముడుచుకున్న పత్తాను పిల్లలు రెండో రోజుకే వెనక నుంచి గుర్తుపడతారు. అప్పుడిక ఆట ఉండదు.

పాత పెండ్లి పత్రికలతో కూడా చేయవచ్చు, అట్ట మందమే. అయితే ఒక్కో పత్రిక ఒక్కో రంగు, వెనక పూలు, లతలు. అన్నింటికీ వెనక ఒకే రంగు కాగితం అంటిస్తే తప్ప గుర్తులు దొరికిపోతాయి. వినాయకుడి బొమ్మ ఉన్న ముక్కను ముందే వేరు చేసి పెట్టండి. పిల్లల కాళ్ల కింద పడితే ఇంట్లో నానమ్మ ఊరుకోదు.

ఒక్కో అక్షరానికి నాలుగు పత్తాలు: రెండింటి మీద అక్షరం, రెండింటి మీద రెండు వేర్వేరు బొమ్మలు. అక్షరం మధ్యలో 4 సెంటీమీటర్ల ఎత్తున, నల్ల మార్కర్‌తో రాయాలి. అదే అక్షరాన్ని ఎడమవైపు పై మూలన చిన్నగా రాయండి, పత్తాలు విప్పి పట్టుకున్నప్పుడు కనపడేది ఆ మూలే. అక్షరం కింద ఎర్ర గీత ఒకటి. మన అక్షరాలన్నీ గుండ్రాలు కాబట్టి పత్తా తలకిందులైతే పిల్లలకు తెలియదు. గీత కిందికి ఉండాలని ఒకసారి చెబితే చాలు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. అందంగా ఉంటుందని బ అక్షరానికి, బర్రె బొమ్మకు ఒకే రంగు అంచు, న అక్షరానికి, నల్లాకు ఇంకో రంగు వేస్తారు. పిల్లలు ఎంతో వేగంగా జతలు పెడుతుంటే నేర్చేసుకున్నారని మనం మురిసిపోతాం. వాళ్లు చూస్తున్నది రంగును. అక్షరాలన్నీ నలుపే, అంచులన్నీ ఒకటే ఉండాలి.

చివరగా అక్షరం, బొమ్మ ఉన్న వైపు టేపు నిలువుగా, అంచులు దాటేలా వేసి, మిగిలినది కత్తిరించండి. రెండు అంగుళాల టేపు 5 సెంటీమీటర్లే ఉంటుంది కాబట్టి రెండు పట్టీలు పడతాయి. మార్కర్ బాగా ఆరాకే వేయాలి, లేకపోతే టేపు కింద సిరా పాకుతుంది.

ఆట

నున్నటి షాబాద్ బండల మీద, టైల్స్ మీద పత్తా అతుక్కున్నట్టు పడి చిన్న వేళ్లకు లేవదు. దుప్పటి పరచండి. మొదటి రోజు ఆటకు ముందు 12 బొమ్మలనూ ఒక్కొక్కటిగా చూపించి పేరు చెప్పించండి. ఎవరైనా "ఆనియన్" అంటే కోప్పడకుండా "ఉల్లిగడ్డ" అని మీరు అందించి ముందుకు పోండి. ఏదైనా బొమ్మకు పిల్లలందరూ వేరే మాట చెబితే ఆ బొమ్మనే మార్చండి.

పత్తాలన్నీ దుప్పటి మీద బోర్లా పోసి పిల్లలతోనే కలిపించండి. ఇద్దరు ముగ్గురైతే తలా ఐదు, నలుగురైతే తలా నాలుగు పంచి, మిగిలినవి మధ్యలో కుప్పగా పెట్టాలి. పంచగానే చేతిలో అక్షరం, దాని బొమ్మ రెండూ ఉన్నవాళ్లు ఆ జతను ముందు పెట్టి, అక్షరం మీద వేలు ఆనించి పైకి చెప్పాలి: "న, నల్లా." రెండు అక్షరాలు కలిస్తే జత కాదు, రెండు బొమ్మలు కలిసినా కాదు.

అందరికంటే చిన్నవాళ్లు మొదలుపెడతారు. తన చేతిలో ఏ అక్షరం పత్తానో బొమ్మనో ఉంటే ఆ అక్షరాన్నే అడగాలి, లేనిదాన్ని అడగకూడదు. ఎవరిని అడిగారో వాళ్లు ఆ అక్షరానికి చెందినవి, అక్షరమైనా బొమ్మైనా, ఉన్నవన్నీ ఇచ్చేయాలి. దొరికితే అడిగినవాళ్లకు ఇంకో అవకాశం. దొరకకపోతే కుప్పలోంచి ఒకటి తీసుకోవాలి. దానితో జత పడితే పెట్టుకోవచ్చు గానీ వంతు పక్కవాళ్లకు పోతుంది.

తమ్ముడి చేతిలో బర్రె బొమ్మ, న అక్షరం, లడ్డు, గ అక్షరం, ఆవు ఉన్నాయనుకోండి.

"అక్కా, నీ దగ్గర బ ఉన్నదా?"

అక్క దగ్గర బ అక్షరాలు రెండున్నాయి. రెండూ ఇచ్చేస్తుంది. తమ్ముడు ఒకదాన్ని బర్రెతో కలిపి "బ, బర్రె" అని పెడతాడు, రెండోది చేతిలో ఉంచుకుంటాడు. మళ్లీ వాడి వంతే.

"న ఉన్నదా?"

"లేదురా, తీస్కో."

కుప్పలోంచి తీస్తే నల్లా వచ్చింది. "న, నల్లా." జత పెట్టాడు, ఇక అక్క వంతు. ఇప్పుడు అక్కకు కుప్పలోంచి బతుకమ్మ వస్తే, తమ్ముడి దగ్గర ఇంకో బ ఉందని ఆమెకు గుర్తుండాలి. ఎవరి దగ్గర ఏముందో గుర్తుపెట్టుకోవడమే ఈ ఆటలో మజా. పెద్దపిల్లలు కూడా విసుక్కోకుండా ఆడేది దానికోసమే.

చేతిలో పత్తాలు అయిపోయినవాళ్లు కుప్పలోంచి రెండు తీసుకుంటారు. కుప్ప కూడా అయిపోతే వాళ్ల ఆట ముగిసినట్టే, మిగతావాళ్లు కానిస్తారు. మొత్తం 12 జతలు, ఎవరి ముందు ఎక్కువ ఉంటే వాళ్లు గెలిచినట్టు. ఏ అక్షరానికైనా అక్షరాలెన్నో బొమ్మలన్నే కాబట్టి చివరికి ఒంటిగా ఏదీ మిగలదు. మిగిలిందంటే ఎవరి మోకాలి కిందో ఉంది, వెతకండి.

ఎక్కడ చెడుతుంది

"నీ దగ్గర బర్రె ఉన్నదా?" అని అడగడం మొదటి రోజుల్లో మామూలే. అలా అడిగితే పత్తా ఇవ్వకూడదు, వంతు మాత్రం పోనివ్వకూడదు. "బర్రెలో మొదట ఏం పలుకుతున్నవ్?" అని అడగండి. కొందరు "బర్" అంటారు. ఒత్తు పడ్డ మాటల్లో ఇది సహజం. చప్పట్లు కొడుతూ "బ... ర్రె" అని విడదీసి పలికిస్తే "బ" విడిగా వినపడుతుంది.

చిన్న చేతుల్లో ఐదు పత్తాలు నిలవవు. జారి పడతాయి, అందరికీ కనపడతాయి, ఏడుపు మొదలవుతుంది. అట్టపెట్టె ముక్కను ఒక జానెడు పొడవున కత్తిరించి, మధ్యకు మడిచి గుడిసెలాగా నిలబెట్టి, పైఅంచున కత్తెరతో ఐదారు గాట్లు పెట్టండి. గాటుకు ఒక పత్తా గుచ్చుకుంటారు. అదీ కుదరకపోతే ఒడిలో పుస్తకం అడ్డం పెట్టుకుని దాని వెనక పరుచుకోమనండి.

పెద్ద పిల్ల ఒక్కతే గెలుస్తూ పోతుంటే ఆమెకు అదనపు పని పెట్టండి. జత పెట్టేటప్పుడు అదే అక్షరంతో పత్తాల్లో లేని ఇంకో మాట చెప్పాలి. బ అంటే బండ, బస్సు, బడి. చెప్పలేకపోతే ఆ జత ఆమెకు రాదు. ఇది పెట్టాక చిన్నోడికి ఊపిరాడుతుంది.

నాలుగేళ్ల లోపు పిల్లలకు అడగడం, గుర్తుపెట్టుకోవడం బరువు. వాళ్లకు ఆరు అక్షరాలు, ఆరు బొమ్మలు, మొత్తం 12 పత్తాలు మూడు వరుసల్లో బోర్లా పరచండి. రెండు తిప్పి జత పడితే తీసుకోవాలి, లేకపోతే మళ్లీ బోర్లా పెట్టాలి. ఇంట్లో ఒక్కరే పిల్ల అయితే అమ్మతోనో నాన్నతోనో ఈ తీరుగానే ఆడవచ్చు.

ఆట బాగా సాగుతుండగానే ఆపేయండి. విసుగొచ్చేదాకా లాగితే మరుసటి రోజు డబ్బా తెరవరు. పత్తాలకు రబ్బరు బ్యాండు వేయకండి, అంచులు వంగుతాయి. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా మేలు.

తర్వాతి అక్షరాలు

ఆరు అక్షరాలూ ఆగకుండా చెబుతున్నప్పుడు రెండో విడత కలపండి, ఒకేసారి ఆరూ కాదు, వారానికి రెండు. మ (మబ్బు, మల్లెపువ్వు), ప (పలక, పత్తి), స (సకినం, సబ్బు), ద (దర్వాజ, దస్తీ), డ (డప్పు, డబ్బా), ఎ (ఎద్దు, ఎలుక). మ కింద మక్క కంకి వేయాలనిపిస్తుంది, చాలామంది పిల్లలు ఒట్టి "కంకి" అంటారు కాబట్టి వద్దు. ఇందులో ప, స ఆకారాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ రెండింటినీ ఒకే వారం తేకండి, ఒకటి స్థిరపడ్డాకే రెండోది. డకూ ఉకూ మధ్య కూడా పొరపడతారు.

ఆ తర్వాత వచ్చే వాటికి మాటలకు కొదవ లేదు: ఈకు ఈత చెట్టు, ఊకు ఊదుబత్తి, అంకు అంగి, జకు జడ. ఓకు ఓడతో పాటు ఓరుగల్లు తోరణం గీయవచ్చు. రెండు స్తంభాలు, పైన అడ్డుదూలం, చేయి తిరగనివాళ్లకూ వస్తుంది. అయితే "కోట" అనకుండా "ఓరుగల్లు" అనడం పిల్లలకు ముందే అలవాటు చేయాలి.

ణ, ళ తెలుగు మాటల మొదట్లో రావు. వీటికి చివర వినపడే బొమ్మలు పెట్టి, ఆ పత్తాల కింద రెండు చుక్కలు గుర్తుగా పెట్టండి: బాణం, తాళం. ళకు కళ్లు గీస్తే మన పిల్లలు "కండ్లు" అంటారు, ళ ఎక్కడా వినపడదు. ఖ, ఘ, భ లాంటి ఒత్తక్షరాలకు బొమ్మల కోసం తంటాలు పడొద్దు. క పక్కన ఖ, గ పక్కన ఘ, బ పక్కన భ అని అక్షరానికి అక్షరమే జత పెట్టి ఆడించండి.

గుణింతానికి

పాత ఫైలు ప్లాస్టిక్ కవరును పత్తా కొలతకు కత్తిరించి, ఒక్కోదాని మీద దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, ఎత్వం, ఏత్వం ఇలా రాయండి. గ, ద, న, స అక్షరాలను తలకట్టు లేకుండా కొత్త పత్తాల మీద రాసుకోండి. కొమ్ము పడ్డా తలకట్టు పోదు కాబట్టి కొమ్ము ముక్క మీద తలకట్టు కూడా రాయండి. ప్లాస్టిక్ ముక్కను పైన పెడితే గుర్తు సరిగ్గా దాని చోట కూర్చోవాలి. అందుకని అన్ని అక్షరాలూ ఒకే ఎత్తులో, ఒకే చోట రాయడం ముఖ్యం. తలకట్టు లేని ఖ, జ, ట, ణ, బ, ల అక్షరాలను ఈ పద్ధతిలో కలపకండి, గుర్తు అతికే తీరు వేరు. మ, య కూడా ఆఖరుకు ఉంచండి. మొ, యొలలో ఒత్వం మిగతా అక్షరాల్లోలాగా రాదు.

అక్షరాల కుప్ప ఒకటి, ప్లాస్టిక్ కుప్ప ఒకటి. ఒక్కోదాంట్లోంచి ఒకటి తీసి, పైన పెట్టి, చదివి, ఆ శబ్దంతో మొదలయ్యే మాట చెప్పినవాళ్లకు ఒక చింతగింజ. న మీద దీర్ఘం పడితే నాగలి, గ మీద కొమ్ము పడితే గుడిసె, స మీద గుడి పడితే సిరా. చివర్లో మ పత్తా కూడా కుప్పలో చేరాక, ఏత్వం పడ్డ రోజు మొదట పక్కన పెట్టిన మేకను పిల్లలే తెస్తారు.